రెండు తెలుపులు

మార్చి 4

మా ఎమ్మారై మిషన్‌కి కొత్త కాయిల్ వచ్చింది. తొడల నుంచి పిక్కల దాకా ఒకేసారి స్కాన్ తీసేది. ఇన్నాళ్ళూ మోకాలి కాయిల్‌నే అటూ ఇటూ జరిపి సర్దుకున్నాం. బిగించడం అయ్యాక ఇంజనీరు, "ఎవరైనా ఒకరు పడుకోండి, బొమ్మ ఎలా వస్తుందో చూద్దాం" అన్నాడు.

ఆసుపత్రి కింది అంతస్తులో మాకు అదొక ఆనవాయితీ. ఏ కొత్త సామాను వచ్చినా ముందు మాలో ఒకరు మిషన్‌లో పడుకోవాలి. బోణీ అంటాం దాన్ని. తల కాయిల్ వచ్చినప్పుడు రేడియో పడుకున్నాడు. "మెదడు ఉన్నట్టు రుజువైంది" అని నెల రోజులు ఊరంతా చెప్పుకుని తిరిగాడు. నాతో కన్సోల్ దగ్గర పనిచేసేవాడికి ఆ పేరు పెట్టింది నేనే. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

ఈసారి నా వంతు. పడుకున్నాను. రేడియో మైకులో మొదలుపెట్టాడు. వాడి కూతురికి పన్ను ఊడటం, ఆ పన్ను కనపడకపోవడం, ఇల్లంతా వెతకడం. పన్ను సోఫా కింద ఉందో లేదో చెప్పకుండానే ఆగిపోయాడు. మైకు కట్టేశాడేమో అనుకున్నాను. కట్టలేదు, దాని గరగర వినిపిస్తూనే ఉంది.

బయటికొచ్చేసరికి ఇంజనీరు సంబరపడిపోతున్నాడు. "ఎంత స్పష్టంగా వచ్చిందో చూడండి మేడమ్!" రేడియో మాత్రం తన చెప్పులు చూసుకుంటున్నాడు. నేను తెర చూశాను. కండ బూడిద రంగులో ఉండాలి. నా తొడల వెనకవైపు బూడిదలో తెల్లటి చారలు. కుడివైపూ ఉన్నాయి, ఎడమవైపూ ఉన్నాయి.

"కాయిల్ సరిగ్గా బిగించలేదు" అన్నాను. ఇంజనీరు ముఖం మాడ్చుకున్నాడు.

బోణీ బొమ్మలు ఏ పూటకాపూట చెరిపేస్తాం. దగ్గరుండి చెరిపించాను.

మార్చి 5

కాయిల్ సరిగ్గా బిగించలేదు.

మార్చి 6

తొడ పట్టేసిందని ఒక ఫుట్‌బాల్ ఆటగాడు వచ్చాడు. అదే కాయిల్. చిరిగిన చోటు తప్ప తక్కిన కండంతా తుడిచిన పలకలా ఉంది.

"ఇంజనీరు మళ్ళీ వచ్చి బాగుచేసి వెళ్ళినట్టున్నాడు" అన్నాను.

"ఎవరూ రాలేదక్కా" అన్నాడు రేడియో.

మార్చి 11

ట్రైనింగుకు వచ్చే పిల్లలకు ఏటా చెప్పే పాఠం ఈ రోజు నాకు నేనే చెప్పుకున్నాను. తొడ బొమ్మలో తెలుపు రెండు రకాలు. ఒకటి కొవ్వు. కండ చచ్చిపోయి, ఆ ఖాళీలో కొవ్వు చేరుతుంది. అది చేరాక ఇక చేసేదేం లేదు. రెండోది నీరు. కండ వాచి, లోలోపల మండుతుంటే నీరు చేరుతుంది. అది ఇంకా బతికున్న కండ, మందులకు లొంగవచ్చు. మామూలు బొమ్మలో కొవ్వు ఒక్కటే తెల్లగా కనిపిస్తుంది. కొవ్వును అణిచేసి రెండో బొమ్మ తీస్తే, అప్పుడు నీరు తెల్లగా బయటపడుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఏది పోయిందో, ఏది పోతూ ఉందో తెలియదు.

బోణీ రోజున తీసింది మొదటిది ఒక్కటే.

రెండోది అక్కర్లేదు. నాకు తెలుసు ఇది ఏమిటో. అమ్మ చివరి రోజుల్లో తన తొడల మీద తనే చేతులతో ఎక్కుతున్నట్టు లేచేది. ముందు మోకాళ్ళ మీద చెయ్యి, తర్వాత తొడ మీద, తర్వాత నడుము మీద. "మోకాళ్ళరిగాయి, వయసు కదా" అన్నారు అందరూ. అప్పటికి నేను ఈ పనిలో లేను, ఇలాంటి మిషన్లు కూడా లేవు. ఈ పని నేర్చుకున్నాక నాకొక్కదానికే అర్థమైంది, అవి మోకాళ్ళు కావని. అది కండల జబ్బు, తల్లి నుంచి బిడ్డకొచ్చే రకం. దానికి మందు లేదు. మందు లేనిదానికి రెండో బొమ్మ ఎందుకు?

కాబట్టి తొందరేం లేదు.

మార్చి 20

మా బిల్డింగు మెట్లు ఎవరో సబ్బుతో కడిగినట్టున్నారు. జారుతున్నాయి.

మార్చి 27

ఇవాళ కూడా కడిగారు.

ఏప్రిల్ 2

జుట్టు కత్తిరించుకున్నాను, మెడ దాకా. ఎండలు మొదలయ్యాయి, జడ వేసుకోవడం విసుగు. ఆయన చూసి, "ఏమోయ్, నాకే తెలియకుండా కొత్త భార్యను తెచ్చుకున్నానా ఏంటి?" అన్నారు. బాగుందో లేదో చెప్పలేదు.

ఏప్రిల్ 6

వంటింట్లో పై అరలో ఉన్న డబ్బాలన్నీ కింది అరలోకి మార్చాను. ఆయన డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పి చెప్పి ప్రతిదీ కనిపెడతారు.

"పైన ఖాళీ, కింద ట్రాఫిక్ జామ్. ఏంటిది?"

"పైన దుమ్ము పడుతోంది."

"ఈ ఇంట్లో పదహారేళ్ళుగా పడని దుమ్ము ఇప్పుడు పడుతోందా?"

"మీకు డబ్బాల గొడవెందుకండీ? మీ క్లచ్చులు మీరు చూసుకోండి."

నవ్వి వదిలేశారు. వదిలేస్తారని తెలుసు. పోట్లాడితే చెప్పేదాన్నేమో.

ఏప్రిల్ 17

మధ్యాహ్నం పేషెంట్లు లేని వేళ రేడియో టీ తెచ్చి నా ముందు పెట్టి, నిలబడ్డాడు. వాడు నిలబడి మాట్లాడితే ఏదో ఉన్నట్టే.

"అక్కా, ఆదివారం లిస్టు ఖాళీ. ఓ ఇరవై నిమిషాలు పడుకో. రెండో రకం ఒక్కటి తీసేస్తా. పైన డాక్టరు మేడమ్‌కి చూపిద్దాం."

"దేనికి?"

"దేనికో నీకు తెలుసు. నాకు ఆ పాఠం చెప్పిందే నువ్వు."

"మీ ఇంట్లో ఊడిన పళ్ళు వెతుక్కో ముందు. నా కాళ్ళ జోలికి రాకు" అన్నాను. చాలా గట్టిగా అన్నాను. బయట బల్ల మీద కూర్చున్న పేషెంటు తాలూకు మనిషి తల తిప్పి చూశాడు.

వాడు టీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా "కదలకండి", "ఊపిరి బిగపట్టండి" తప్ప మరో మాట లేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నా బతుకు. పోనీ పడ్డానని ఒప్పుకోనూ లేను.

ఏప్రిల్ 29

రేడియో ఇంకా మూగనోము పట్టే ఉన్నాడు. రోజూ వచ్చే వార్డు ఆయా కూడా, "ఏమ్మా, మీ పిల్లాడికి దిష్టి తగిలిందా?" అని అడిగింది.

మే 3

మిషన్‌లోకి వెళ్ళే ప్రతివాళ్ళ చేతిలో రబ్బరు బుడగ పెడతాను. "భయమేస్తే నొక్కండి, వెంటనే బయటికి తీసేస్తాను" అంటాను. ఎంతమందికి చెప్పి ఉంటానో. ఇవాళ ఒక పెళ్ళికూతురి వయసు పిల్లకు చెబుతూ చెబుతూ బుడగ ఇవ్వడమే మరిచిపోయాను. నాకు ఎవరైనా అలాంటి బుడగ ఇస్తే బాగుండు. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఆ మిషన్ లోపలే ఉన్నట్టుంది నాకు. ఇంటి మెట్లు ఒక గోడ, బస్సు ఎక్కే మెట్టు ఒక గోడ, టాయిలెట్ మీంచి లేవడం ఒక గోడ. ఎవరైనా "కూర్చోండి" అంటే చాలు, లేవడం ఎలాగా అని చుట్టూ పట్టుకునేది వెతుక్కుంటున్నాను. మొన్న ఇంటికొచ్చిన ఆడపడుచు సోఫా చూపించి "కూర్చో వదినా" అంటే నిలబడే కబుర్లు చెప్పాను. నేను కోపంగా ఉన్నాననుకుని ఆవిడ వెళ్ళిపోయింది.

ఆయనకు చెప్పాలి. చెబితే బయటికి తీస్తారు. బయటికొచ్చి ఏం చూడాలి? అమ్మ మంచం. ఇక్కడే నయం.

మే 9

మా అమ్మాయి కింద కూర్చుని చదువుకుంటోంది. లేచింది. చెయ్యి ఆనించలేదు.

మే 10

సాయంత్రం బ్యాడ్మింటన్ నుంచి వచ్చింది. రెండేసి మెట్లు ఎక్కింది.

మే 14

రెండేసి.

మే 15

"ఏంటమ్మా, రోజూ గుమ్మంలో నిలబడి నా కాళ్ళ వైపు చూస్తావ్? ప్యాంటు బాలేదా?" అని అడిగింది. బాలేదన్నాను. లోపలికెళ్ళి మార్చుకుని వచ్చింది పిచ్చిది.

అమ్మ నుంచి నాకొస్తే, నా నుంచి దానికి. దాని తొడల్లో చారలు మొదలై ఉంటే? ఇంకా పద్దెనిమిది నిండలేదు. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది, అక్షరాలు అలికిపోతున్నాయి.

మే 23

రాయకూడదనుకున్నాను.

రిటైరైన లెక్కల మాస్టారు, నడుము నొప్పి. బక్కమనిషి, గాలేస్తే ఎగిరిపోయేట్టున్నారు. చక్రాల కుర్చీలోంచి బల్ల మీదికి మార్చాలి. చంకల కింద చేతులు వేసి లేపడం నాకు అలవాటైన పని, ఆయనకు రెండింతలున్న వాళ్ళను లేపాను. ఈయన్నూ లేపాను. సగంలో నా కాళ్ళు మడతపడ్డాయి. నొప్పి లేదు, జారడం లేదు, ఊరికే మడతపడ్డాయి. ఆయనతో సహా కిందికి పోతుంటే రేడియో ఎక్కడి నుంచి వచ్చాడో, ఆయన్ను గుండెకి హత్తుకుని పట్టేశాడు. నేను నేల మీద కూలబడ్డాను.

మాస్టారు ముందు నన్నే చూశారు. "వదిలేశావేంటమ్మా?" అన్నారు. కోపం లేదు ఆ మాటలో, భయం ఉంది. అదే ఎక్కువ తగిలింది.

పైన రిపోర్టులు రాసే డాక్టరు మేడమ్ సంగతి తెలిసి కిందికి దిగొచ్చారు. "ఏం జరిగింది?"

"నేల తడిగా ఉంది మేడమ్" అన్నాను.

ఆవిడ నేల చూశారు, నన్ను చూశారు. నేను రేడియోను చూశాను. వాడు నోరు తెరిచాడు. ఇన్ని రోజుల తర్వాత వాడు పెద్దగా మాట్లాడిన మొదటి మాట: "నేనే మేడమ్, నీళ్ళు పడితే తుడవలేదు."

అందరి ముందూ వాడికి తలవాచేలా పడ్డాయి చీవాట్లు. నేను గోడకు చెయ్యి ఆనించి నిలబడి మొత్తం విన్నాను. ఇంత సిగ్గు నాకెప్పుడూ వెయ్యలేదు.

మే 24

నేల పొడిగానే ఉంది. నిన్న కూడా పొడిగానే ఉంది.

జూన్ 1

పేషెంట్లను మార్చే పని రేడియో ఒక్కడే చేసుకుంటున్నాడు. నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. నన్ను బటన్ల దగ్గర కూర్చోబెడుతున్నాడు. చక్రాల కుర్చీని కూడా ఇటు రానివ్వడు.

జూన్ 8

ఇవాళ ఆదివారం. ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. అమ్మాయి నేల మీద కూర్చుని రాకెట్‌కి గ్రిప్పు చుట్టుకుంటోంది. ఫోను మోగింది. లేవబోయి "అబ్బా" అంది. ఒక చెయ్యి మోకాలి మీద వేసింది. రెండోది తొడ మీద వేసింది. నెమ్మదిగా, తన మీద తనే ఎక్కుతున్నట్టు లేచింది.

నేను కేక పెట్టాను. ఏమని పెట్టానో తెలీదు. ఆయన బాల్కనీలోంచి పరిగెత్తుకొచ్చారు. నేను దాన్ని పట్టుకుని కూర్చో, లే, కూర్చో, మళ్ళీ లే అంటున్నాను. అది భయపడిపోయింది.

"అమ్మా! నిన్న నాలుగు మ్యాచులాడాను, కాళ్ళు పట్టేశాయి అంతే! ఏమైంది నీకు?"

అప్పుడు చెప్పాను. అమ్మ సంగతి, బోణీ సంగతి, జుట్టు, డబ్బాలు, మాస్టారు, అన్నీ. వరసగా చెప్పలేదు, ఏది ముందొస్తే అది చెప్పాను. ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మార్చి నుంచా?" అన్నారు.

"ఊఁ."

"వెనక ఏమొస్తోందో అద్దంలో చూసుకోండర్రా అని రోజూ పదిమందికి అరిచి చెప్తాను నేను. ఇంట్లో నాకే కనబడలేదు." ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూడటం ఇది రెండోసారి.

"మీకు కనబడకుండా చూసుకున్నాను."

"చాలా గొప్ప పని చేశావులే!" అని అరిచారు. ఆ అరుపు నాకు హాయిగా అనిపించింది. మూడు నెలలుగా ఎవరూ నన్ను తిట్టలేదు.

అమ్మాయి మాత్రం ఏడవలేదు. నా ముందు నిలబడి లాయరులా అడిగింది. "నాకూ ఉందేమోనని కదా నన్ను రోజూ చూస్తున్నావ్. నాకుందో లేదో తెలియాలంటే ముందు నీకున్నదేంటో తెలియాలి. అవునా కాదా?"

"అవును."

"మరి నువ్వెళ్ళి పడుకుంటావా, లేకపోతే రేపు నేనెళ్ళి ఆ అంకుల్‌ని అడిగి పడుకోనా?"

రేడియోకి ఫోను చేశాను. రెండు మాటలు కూడా పూర్తికాలేదు, "పొద్దున్నే రా అక్కా, మొదటి నంబరు నీదే, మేడమ్‌తో నేను మాట్లాడతా" అన్నాడు. రాసి ఉంచుకున్నట్టు గడగడా చెప్పాడు.

జూన్ 9

ముందు మేడమ్ గదికి వెళ్ళి నేల తడి అన్నది అబద్ధమని చెప్పాను. ఆవిడ, "అది తర్వాత. పద, పడుకో" అన్నారు.

రేడియో నా చేతిలో బుడగ పెట్టాడు. "భయమేస్తే నొక్కండి" అన్నాడు, నా గొంతును వెక్కిరిస్తూ. బల్ల లోపలికి జరిగింది. ముక్కుకు జానెడు ఎత్తున తెల్లటి పైకప్పు. శబ్దం మొదలైంది. ఇన్నేళ్ళుగా అద్దం అవతల నుంచి విన్న శబ్దమే. లోపల నుంచి వింటే అది నా కాళ్ళను నిలదీస్తున్నట్టుంది. అమ్మ మంచం కనిపించింది. బుడగ నొక్కేశాను.

బల్ల బయటికొచ్చింది. రేడియో నా కాలి బొటనవేలు పట్టుకుని నిలబడ్డాడు. "ఏం లేదక్కా. మధ్యమధ్యలో మాట్లాడుతూనే ఉంటా. మేడమ్‌కి కోపమొచ్చినా సరే."

మళ్ళీ లోపలికి. శబ్దం ఆగినప్పుడల్లా మైకులో వాడు. కూతురికి రెండో పన్ను ఊడింది. దాన్ని వాడి అత్తగారు చెత్తలో పారేసింది. ఆ పిల్ల అమ్మమ్మతో మాట్లాడటం మానేసింది. నేను లోపల నవ్వుతుంటే, "నవ్వకు, కదులుతావ్!" అని కసిరాడు.

రెండో రకం బొమ్మ మొదలైంది. నాకు ఆ శబ్దం తేడా తెలుసు. అది ఆగింది. మైకు గరగరలాడుతోంది. రేడియో మాట్లాడటం లేదు.

"నీరా? కొవ్వా?" అని అరిచాను.

బొమ్మలో ఏముందో బొమ్మ తీసే మేము ఎవరికీ చెప్పకూడదు, డాక్టరు చెప్పాలి. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? కానీ లోపల పడుకుని ఆ గరగర వినడం ఎలా ఉంటుందో నాకు ఇవాళే తెలిసింది. తర్వాత ఎవరో ముక్కు చీదిన చప్పుడు. వాడే.

బయటికొచ్చి బట్టలు కూడా మార్చుకోకుండా తెర దగ్గరికి నడిచాను. ఎడమవైపు బొమ్మ మామూలుది, కుడివైపు బొమ్మ కొవ్వును అణిచింది. కుడిదానిలో నా తొడల ముందు భాగమంతా తెల్లగా వెలుగుతోంది.

"నీరు" అన్నారు మేడమ్. "ఇదంతా వాపు. ఇంకా బతికున్న కండ. మందులు పనిచేసే అవకాశం బాగా ఉంది. ఇవాళే రక్తం ఇచ్చెయ్. రేపు పరీక్షకు కండ ముక్క తీద్దాం, సూది ఇదిగో, ఈ వెలుగుతున్న చోటే వెయ్యాలి. గుడ్డిగా వెనక వేస్తే కొవ్వే వస్తుంది, ఏమీ తేలదు."

రేడియో గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను. నీరు! నేను ఎన్నడూ ఊహించనైనా లేదు.

"మా అమ్మాయికి?"

"తల్లి నుంచి బిడ్డకు దిగే రకంలా కనబడటం లేదు. ఆ జబ్బుల్లో ఇలా మండవు కండలు సాధారణంగా. ముక్క చూశాక ఖాయంగా చెప్తాను."

"మరి మా అమ్మది?"

ఆవిడ అడుగుతూ పోయారు. మోకాళ్ళు వాచేవా? వాచేవి. నొప్పితో ఏడ్చేదా? ఏడ్చేది, మెట్లు దిగేటప్పుడు మరీ. చేతులు పైకెత్తగలిగేదా? ఎత్తేది. చివరి దాకా తన జడ తనే వేసుకుంది.

నా చెయ్యి కత్తిరించుకున్న జుట్టు వైపు లేచి, భుజం దగ్గరే ఆగిపోయింది.

"మీ అమ్మగారివి నిజంగానే మోకాళ్ళు అయ్యుంటాయమ్మా" అన్నారు మేడమ్.

తర్వాత ఆవిడ ఎడమ బొమ్మలో తొడల వెనకవైపు వేలు పెట్టారు. అక్కడ బూడిద రంగు దాదాపు లేదు. "ఇది మాత్రం పోయింది. కొవ్వు. ఇది ఎప్పటి నుంచి ఇలా ఉంది?"

రేడియో నన్ను చూశాడు. ఈసారి వాణ్ణి మాట్లాడనివ్వలేదు. "మార్చిలో బోణీకి పడుకున్నప్పుడు చారలే ఉన్నాయి మేడమ్. మిగతాదంతా కండే. మేమిద్దరం చూశాం."

మేడమ్ ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

జూన్ 10

ముక్క తీశారు.

జూన్ 19

వాపు జబ్బే. వంశంలో వచ్చేది కాదు. అమ్మాయి కాళ్ళు అమ్మాయివే. మాత్రలు మొదలు. ఎన్ని నెలలో, ఎన్నేళ్ళో చెప్పలేమన్నారు.

జూలై 30

జడకు జుట్టు లేదు కానీ దువ్వెన నడినెత్తి దాకా వెళ్తోంది. ముఖం బూరెలా ఉబ్బింది, మాత్రల వల్లేనట. ఆయన, "మూడో భార్య కూడా వచ్చేసింది" అంటున్నారు.

సాయంత్రం అమ్మాయి నేల మీద కూర్చుని గ్రిప్పు చుట్టుకుంటుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. చలికాలం తర్వాత నేల మీద కూర్చోవడం ఇదే మొదటిసారి. చాలాసేపు కబుర్లు చెప్పుకున్నాం. లేచే వేళ అది నా వైపు చూడకుండా గ్రిప్పు వైపే చూస్తోంది, కావాలనే.

"చెయ్యివ్వవే" అన్నాను.

ఇచ్చింది. లాగింది. తొడల ముందు కండలు వణుకుతూ సాయానికొచ్చాయి, అది నాకు బాగా తెలిసింది. వెనకవి ఏమాత్రం రాలేదు. సగంలో ఆగిపోతే దాని భుజం కూడా పట్టుకుని లేచాను.